పాత మిద్దె శిథిలాలు, పెరటి చెత్త: హంద్రీ గట్టుకు చేరకుండా తొలగించే తీరు

కర్నూలు పాత పేటల్లో మట్టి మిద్దెను పడగొట్టి కొత్త ఇల్లు కట్టదలచినవారు గునపం పట్టకముందే ఏ వస్తువు ఎక్కడికి పోవాలో నిర్ణయించుకోవాలి. దూలాలు, బండలు, ఇటుకలు, మట్టి, చెట్ల కొమ్మలు ఒకే కుప్పలో కలిసిపోతే ఆ కుప్పను ఎవరూ కొనరు, ఎవరూ పునాదిలో వేసుకోరు. అది చివరికి హంద్రీ గట్టుకో కె.సి. కాలువ పక్కకో చేరుతుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి ముంచెత్తిన ఊరిలో నీటి దారికి అడ్డంగా ఒక్క ట్రక్కు శిథిలాలు పోయడం కూడా తగని పని.

కూల్చివేత పైనుంచి కిందికి సాగాలి. తలుపులు, కిటికీలు ఊడదీశాక మిద్దెపై మట్టిని దించి బరువు తగ్గించాలి. ఆ తరువాతే దంతెలను (దూలాలపై అడ్డంగా వేసిన సన్నని కొయ్యలను), దూలాలను, చివరగా గోడలను ముట్టుకోవాలి. మంచి టేకు దూలాలకు పాత కలప అంగళ్లలో గిరాకీ ఉంటుంది. నేలపై పరచిన కడప బండలను, బేతంచెర్ల బండలను గడ్డపారతో అంచు నుంచి మెల్లగా లేపితే చాలావరకు పగలకుండా వస్తాయి, పెరట్లో నడకదారికి సరిపోతాయి. ఇటుక ముక్కలు, కాంక్రీటు పెళ్లలు చిన్నవిగా కొట్టి కొత్త ఇంటి బేస్‌మెంటులో పొరలు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టాలి. వాటిలో కొయ్య ముక్కలు ఉండకూడదు, చెదలు పడతాయి.

మిద్దెపై నుంచి దించిన చౌడు మట్టిని మాత్రం విడిగా ఉంచాలి. వాన నీరు ఇంకకుండా మన పెద్దలు పైకప్పుకు పరచిన ఆ మట్టిలో లవణాలు ఎక్కువ కాబట్టి, పెరటి మొక్కల పాదుల్లో పోస్తే అవి ఎండిపోతాయి. ఇనుప కడ్డీలకు దగ్గరగా నింపితే తుప్పు పడుతుంది. మట్టి మిద్దెలు ఇంకా నిలిచి ఉన్న పల్లెల్లో ఎవరికైనా కావాలేమో అడిగి ఇవ్వడం ఉత్తమం.

పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. వాటిని సుత్తితో పగలగొట్టకూడదు, ఈడ్చకూడదు. నీళ్లతో తడిపి, మేకులు విప్పి, ముక్కుకు మాస్కు కట్టుకుని రేకుకు రేకుగా దించాలి. ఈ దుమ్ము ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది, కూలీలకు ఈ మాట తప్పక చెప్పండి.

పెరటి చెత్తకు నిప్పు పెట్టడం చట్టం ఒప్పని పని. వేప, కానుగ ఆకులను మూడడుగుల లోతు గుంతలో పేడ నీళ్లు చల్లుతూ నింపి, పైన మట్టి కప్పితే ఎరువవుతుంది. మన ఎండలకు కుప్పకన్నా గుంతే మేలు, తడి నిలుస్తుంది. వయ్యారిభామ కలుపును పూత రాకముందే చేతి తొడుగులు వేసుకుని వేర్లతో సహా పీకాలి. విత్తనం పట్టిన మొక్కను గుంతలో వేస్తే ఎరువు పోసిన ప్రతిచోటా మళ్లీ మొలుస్తుంది. సర్కారు తుమ్మను పైపైన నరికితే మొదలు మళ్లీ చిగురిస్తుంది కనుక వేరుమొద్దును తవ్వి తీయాలి, ముళ్లకంపను మోపులుగా కట్టి విడిగా తరలించాలి.

ఇక మిగిలిన శిథిలాల సంగతి. 2016లో కేంద్రం నిర్మాణ వ్యర్థాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చినప్పటి నుంచి, వాటిని రోడ్డుమీదా మురుగుకాలువల్లోనూ పోయకుండా తన ఆవరణలోనే వేరుచేసి ఉంచడం యజమాని బాధ్యత. ఎక్కడ దింపాలో నగరపాలక సంస్థ పారిశుధ్య విభాగాన్ని ముందే అడిగి, ఆ చోటును ట్రాక్టరు యజమానితో ఖాయం చేసుకోండి. వంద ఘనపుటడుగుల ఇటుక శిథిలాలు సుమారు 3 నుంచి 4 టన్నులు తూగుతాయి గనుక ట్రక్కు అంచులకు మించి నింపనివ్వకండి, పైన టార్పాలిన్ కప్పించండి. మొదటి లోడు వెంట ఇంటివారొకరు వెళ్లి దింపిన చోటును చూసి వచ్చిన తరువాతే బాడుగ చెల్లించండి.