ఇంటి బయటి తలుపులను పటిష్ఠం చేసుకోవడం ఎలా?

హైదరాబాద్‌లో ఇల్లు కట్టుకునేవారు సింహద్వారానికి మంచి టేకు ఎంచుకోవడానికి, దాని మీద చెక్కడం పని చేయించడానికి ఎంతో శ్రద్ధ తీసుకుంటారు. ఆ తలుపును పట్టి ఉంచే బందులు, గడియలు, స్క్రూల విషయం మాత్రం చాలాసార్లు వడ్రంగికే వదిలేస్తారు. తలుపు పగలగొట్టి లోపలికి రాదలచినవాడు తాళంతో కుస్తీ పట్టడు. ఇనుప రాడ్డు దూర్చి గొళ్ళెం పెకలిస్తాడు, లేదా ద్వారబంధానికి బిగించిన పట్టీ ఊడేలా తలుపును తంతాడు. అందువల్ల ఖరీదైన తాళం కొనడానికి ముందు, ఇప్పుడున్న తాళం దేనికి, ఎలా బిగించి ఉందో చూడాలి.

మొదట ఒక స్క్రూడ్రైవరు పట్టుకుని ఇంట్లోంచి బయటికి దారితీసే తలుపులన్నింటినీ తిరిగి చూడండి. అపార్ట్‌మెంటులో బాల్కనీ తలుపు, వాష్ ఏరియా తలుపు మరచిపోవద్దు. ఇండిపెండెంట్ ఇంట్లో పెరటి తలుపుతోపాటు మేడ మెట్ల పైనున్న తలుపును తప్పక చూడాలి. ఒక డాబా నుంచి పక్క డాబా మీదికి అడుగు వేసి దాటగలిగేంత దగ్గరగా ఇళ్ళు కట్టిన గల్లీలలో, సన్నని రేకుతో చేసి ఒక్క టవర్ బోల్టుతో సరిపెట్టిన ఆ తలుపే అన్నిటికంటే బలహీనమైన చోటు. ఖర్చు పెట్టగలిగింది కొంతే అయితే, దానిని సింహద్వారం మీద కాకుండా ఇటువంటి తలుపు మీద పెట్టమనే నా సలహా.

తర్వాత ద్వారబంధం, అంటే మన వడ్రంగులు దర్వాజ అనేది. దాని అడుగు భాగాన్ని స్క్రూడ్రైవరు పిడితో కొట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చినా, మొన సులువుగా దిగినా చెదలు పట్టిందని అనుమానించి, ఆ ముక్కను మార్పించాకే మిగతా పని మొదలుపెట్టాలి. కలప గట్టిగానే ఉండి, తలుపు వేసి నెట్టినప్పుడు దర్వాజ గోడ నుంచి కదులుతుంటే, దాని మందం దాటి గోడలోకి కనీసం 2 అంగుళాలు దిగే యాంకర్ ఫాస్టెనర్లను (బిగించినప్పుడు గోడ రంధ్రంలో విచ్చుకుని పట్టుకునే బోల్టులను) తాళం ఎత్తులోనూ, బందుల దగ్గరా వేయించాలి. చెక్కకు వేసే మామూలు స్క్రూ ఎంత పొడవున్నా ఇటుక గోడలో పట్టు దొరకదు.

తలుపు రెక్క విషయానికి వస్తే, బయటి గుమ్మానికి లోపల బోలుగా ఉండే ఫ్లష్ డోర్ పనికిరాదు. కొత్తది కొనేటప్పుడు ఐఎస్ 2202 ప్రమాణం ముద్ర ఉన్న సాలిడ్ కోర్ (లోపల బోలు లేకుండా నిండుగా ఉండే) తలుపును, కనీసం 35 మిల్లీమీటర్ల మందంలో అడగండి.

ఇక తాళం. బయట ఆల్‌డ్రాప్‌కు, అంటే తలుపు మీద అడ్డంగా జరిపే పెద్ద గడియకు, తాళంకప్ప వేయడం మనకు తరతరాల అలవాటు. అయితే వేలాడే ఆ కప్ప ఇంట్లో ఎవరూ లేరని వీధి మొత్తానికీ చెబుతుంది, రాడ్డు దూర్చడానికి సందు కూడా ఇస్తుంది. తలుపు మందంలోనే ఇమిడిపోయే మార్టిస్ తాళం మేలు. దాని గడియ కనీసం ఒక అంగుళం బయటికి రావాలి. దర్వాజ మీద ఆ గడియ దూరే చోట పలుచని రేకు బదులు మందమైన స్టీలు పట్టీ పెట్టించి, 2 అంగుళాల స్క్రూలతో బిగించాలి. చాలా ఇళ్ళలో అక్కడ అర అంగుళం స్క్రూలే ఉంటాయి. తన్నితే ముందుగా ఊడేవి అవే. ఆల్‌డ్రాప్ ఉంచక తప్పకపోతే స్క్రూలు తీయించి, తలుపు గుండా లోపలికి వచ్చి నట్లతో బిగిసే బోల్టులు వేయించండి.

పని అయ్యాక గడియ కొనకు సుద్ద రాసి తలుపు వేసి తాళం తిప్పండి. సుద్ద మరక పట్టీ అంచు మీద పడితే గడియ పూర్తిగా దూరడం లేదని అర్థం. వానాకాలంలో చెక్క ఉబ్బి తలుపు బిగుసుకోవడం, దానిని చిత్రిక పట్టించడం, ఎండాకాలం రాగానే అదే తలుపు సందు ఇవ్వడం మనకు తెలిసినదే. గడియ సరిగా పడక రెండో చుట్టు తిప్పడం మానేసిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. కాబట్టి ఈ పరీక్షను వానలకు ముందు ఒకసారి, తగ్గాక ఒకసారి చేయాలి.

బయటికి తెరుచుకునే తలుపులకు బందుల పిన్నులు బయటే ఉంటాయి. పిన్ను లాగేసినా రెక్క ఊడకుండా, బందుల పక్కన దర్వాజలో ఇనుప మొలలు నిలిపి, తలుపు మూసినప్పుడు అవి రెక్కలోని రంధ్రాలలో దిగేలా చేయించవచ్చు. గ్రిల్ తలుపుకు గడియ చుట్టూ మెష్ లేదా రేకు కొట్టించకపోతే, కమ్మీల మధ్య నుంచి చెయ్యి పెట్టి గడియ తీయగలరు. జరిపే బాల్కనీ తలుపుకు కింది పట్టాలో సరిపోయే పొడవున్న కర్ర లేదా పైపు పెట్టండి. పైపట్టాలో ఎత్తి తీయగలిగేంత సందు ఉంటే అదీ మూయించాలి.

అద్దె ఇంట్లో దిగినవారు యజమాని అనుమతితో తాళం సిలిండరు (చెవి దూరే భాగం) మార్పించుకోవాలి. పాత తాళంచెవులు ఎన్ని చేతుల్లో ఉన్నాయో ఎవరూ చెప్పలేరు. చెప్పుల స్టాండులో, మీటరు పెట్టెలో తాళంచెవి దాచే అలవాటు మానుకోండి.

ఇంత గట్టి చేసేటప్పుడు ఒక్క విషయంలో ఏమాత్రం రాజీ పడకూడదు. రాత్రి లోపలి నుంచి గ్రిల్‌కు తాళంకప్ప వేసి, తాళంచెవి ఎక్కడో పెట్టి పడుకునే ఇంట్లో నిప్పు అంటుకుంటే ఆ తలుపులే ప్రాణం తీస్తాయి. లోపలి నుంచి చెవి లేకుండా చేత్తో తీయగలిగే గడియలే పెట్టించండి. తాళం తప్పనిసరైతే చెవిని తలుపు పక్కనే, కిటికీ నుంచి అందని మేకుకు తగిలించి, ఇంట్లోని పెద్దవారికీ పిల్లలకూ చీకట్లో దానిని తీసి తెరవడం ఒకసారి చేయించి చూడండి.