గట్టు మీది వయ్యారిభామను పీకే ముందు దాని మీద ఏ పురుగులున్నాయో ఎలా చూడాలి?

జూన్‌లో తొలకరి పడగానే, ఇంకా చేను దున్నకముందే గట్టు పచ్చబడుతుంది. దగ్గరికెళ్లి చూస్తే చాలాచోట్ల అది గడ్డి కాదు, వయ్యారిభామ. కొన్ని ఊళ్లలో కాంగ్రెస్ గడ్డి అంటారు. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ మొక్కను మన దేశంలో మొదట గుర్తించింది 1955లో, పుణెలో. ఇప్పుడు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రోడ్డు వారన, కాలువ గట్ల మీద, కళ్లాల చుట్టూ, ఇళ్ల మధ్య ఖాళీ జాగాల్లో ఎక్కడపడితే అక్కడ ఉంది.

దీన్ని పీకెయ్యాలని అందరికీ తెలుసు. ఎప్పుడు పీకాలి, పీకినదాన్ని ఎక్కడ వెయ్యాలి అన్నదే ఎక్కువమంది పట్టించుకోరు. ఆ రెండింటికీ జవాబు ఆ మొక్క మీద కాపురముంటున్న పురుగుల్లో ఉంది. చేలో పంట లేని రోజుల్లో పత్తి పిండినల్లి, తెల్లదోమ, తామర పురుగులు తలదాచుకునే చోట్లలో వయ్యారిభామ ఒకటి. చేలో పంట మొలిచాక తీరిగ్గా గట్టు శుభ్రం చేస్తే, తిండి పోయిన పురుగు పక్కనున్న లేత పంట మీదికే దిగుతుంది. అలాగని ఆ మొక్క మీదున్నవన్నీ మన శత్రువులూ కావు. అందుకే ముందు చూడాలి, తర్వాత పీకాలి. రైతులే కాదు, పెరట్లో నాలుగు వంగ, బెండ మొక్కలు వేసుకున్నవాళ్లు కూడా ఇది చెయ్యవచ్చు.

1. ముందు ఒళ్లు కాపాడుకోండి

వయ్యారిభామ రసం, పుప్పొడి, ఎండిన ఆకుల పొడి కూడా ఒంటికి పడవు. కొందరికి చేతులు, మెడ, కనురెప్పల దగ్గర దురద, దద్దుర్లు వస్తాయి. పదే పదే తగిలితే అది మొండి చర్మవ్యాధిగా మారుతుంది. పుప్పొడి పీల్చితే తుమ్ములు, ఆయాసం వస్తాయి. నిండు చేతుల చొక్కా, చేతులకు రబ్బరు గ్లవుజులు, ముక్కుకు మాస్కు లేకుండా ముట్టుకోవద్దు. గ్లవుజులు దొరక్కపోతే చేతికి పాలిథిన్ కవరు తొడుక్కున్నా సరే. ఉబ్బసం ఉన్నవాళ్లను, చిన్నపిల్లలను ఈ పనికి పంపకండి. ఇంటికొచ్చాక ఆ బట్టలను మిగతావాటితో కలపకుండా విడిగా ఉతకండి.

2. ఎప్పుడు, ఎక్కడ చూడాలి

పొద్దున్న తొమ్మిది లోపు వెళ్లండి. ఎండ ముదిరితే తెల్లదోమ, తామర పురుగులు చురుగ్గా ఎగిరిపోతాయి, పెంకు పురుగులు ఆకు కిందికి చేరతాయి. సంవత్సరంలో రెండుసార్లు తప్పనిసరిగా చూడాలి. మొదటిది తొలకరి తర్వాత, పత్తి, వేరుశనగ, నువ్వు విత్తే ముందు. రెండోది వరి కోతల సమయంలో, కోసిన మడిలో మినుము, పెసర మొలిచే లోపు. మన దగ్గర ఈ రెండోదాన్ని దాదాపు ఎవరూ చెయ్యరు. మినుములో పల్లాకు తెగులును మోసుకొచ్చేది తెల్లదోమే కాబట్టి, అది ఎక్కడెక్కడ తలదాచుకుందో మినుము మొలవకముందే తెలుసుకోవడం మంచిది.

ఒక్కచోట చూసి తేల్చుకోవద్దు. పొలం నాలుగు గట్ల మీద, కళ్లం దగ్గర, గెడ్డ (వాగు) ఒడ్డున, రోడ్డు వైపున వేర్వేరుగా చూడండి. ఒక్కోచోట నాలుగైదు మొక్కలు చాలు. వాటిలో నేలకు అతుక్కుని క్యారెట్ ఆకుల్లా పరుచుకున్న లేత మొక్క ఒకటి, పూత మీదున్నది ఒకటి ఉండేలా చూసుకోండి. లేత మొక్క మీద ఉండే పురుగులు, పూత మొక్క మీద ఉండేవి ఒకటి కావు.

3. దులిపి చూడటం

కావలసినవి ఇంట్లో ఉన్నవే. ఒక తెల్ల కాగితం, ఒక నల్ల కాగితం, గాజు సీసా ఒకటి, పల్చటి గుడ్డ ముక్క, రబ్బరు బ్యాండు, ఫోను. పుస్తకాల షాపులో దొరికే చిన్న భూతద్దం ఉంటే ఇంకా మంచిది.

ముందు మొక్కను కదపకుండా చూడండి. ఎగిరిపోయేవి, దూకిపోయేవి అప్పుడే కనిపిస్తాయి. ఆకును మెల్లగా తిప్పి అడుగు భాగం చూడండి. ఆ తర్వాత పూల కొమ్మను తెల్ల కాగితం మీదికి వంచి, వేలితో నాలుగు తట్లు తట్టండి. రాలినవాటిలో దుమ్మూ ఉంటుంది, పురుగూ ఉంటుంది. పది సెకన్లు ఆగితే నడిచేదేదో తెలిసిపోతుంది. పాలిపోయిన రంగు తామర పురుగులు తెల్ల కాగితం మీద ఆనవు, వాటికోసం నల్ల కాగితం మీద ఇంకోసారి తట్టండి. చివర్లో మొక్క మొదట్లో మట్టిని వేలి గణుపంత లోతు కదిపి చూడండి. పిండినల్లి అక్కడా దాక్కుంటుంది.

4. పిండినల్లి కనిపిస్తే

ఇది అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది. కాండం మీద, ఆకు తొడిమ కాండాన్ని కలిసే సందుల్లో తెల్లగా పిండి చల్లినట్టు ఉంటుంది. భూతద్దంలో ఒక్కొక్కటీ కోలగా, వీపు మీద జంటగా నల్లటి మచ్చలతో కనిపిస్తే అది పత్తి పిండినల్లి. పత్తి మీదే కాదు, బెండ, వంగ, టమాటా, మందారం మీదా ఇదే. ఆడపురుగు కింద దూదిలాంటి సంచి ఉంటుంది. దాంట్లోంచి వందల పిల్లలు బయటికొస్తాయి. ఆ పిల్లలు కంటికి ఆనవు, గాలికి కొట్టుకుపోతాయి, మన బట్టలకు అంటుకుని వస్తాయి. కాండం వెంట చీమల బారు కనిపించిందంటే పైన పిండినల్లో పేనుబంకో ఉందని అనుమానించవచ్చు. అవి విసర్జించే తీపి జిగురు కోసం చీమలు వాటికి కాపలా కాస్తాయి. పిండినల్లినైతే మొక్క నుంచి మొక్కకు చేరవేస్తాయి కూడా.

ఇక్కడే ఆగి చూడాల్సిన విషయాలు రెండున్నాయి.

ఒకటి, ఆ తెల్లటి గుంపులో కొన్ని తెలుపు పోయి గోధుమ రంగులో, గట్టిగా, చిన్న పీపాల్లా ఉబ్బి ఉన్నాయేమో వెతకండి. అవి బతికున్న పిండినల్లులు కావు. ఏనాసియస్ అనే చిన్న నల్ల కందిరీగ వాటిలో గుడ్డు పెట్టింది, దాని పిల్ల లోపలి నుంచి పిండినల్లిని తినేసింది. పీపాకు ఒక చివర గుండ్రటి కన్నం ఉంటే కందిరీగ బయటికొచ్చేసిందని, లేకపోతే ఇంకా లోపలే ఉందని అర్థం. అనుమానముంటే ఆ కొమ్మ ముక్కను గాజు సీసాలో వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి నీడలో పెట్టండి. వారం పది రోజుల్లో సీసా గోడ మీద రెండు మిల్లీమీటర్ల నల్ల పురుగులు తిరుగుతుంటే మీ గట్టు మీద మీకు జీతం అడగని కూలీలున్నట్టే. పిల్లలకు చూపించండి, బడిలో ఏ పాఠంలోనూ ఇంత దగ్గరగా కనిపించదు.

రెండోది, తెల్లటి మైనపు పోగులతో, పిండినల్లి కంటే పెద్దగా, గబగబా నడిచేది కనిపిస్తే చంపకండి. పిండినల్లి నెమ్మదిగా కదులుతుంది, చాలాసేపు ఉన్నచోటే ఉంటుంది. పోగులేసుకుని తిరుగుతున్నది కొన్ని రకాల అక్షింతల పురుగుల పిల్ల, పిండినల్లిని తినేది. రెండూ తెల్లగా ఉన్నాయని చాలామంది రెంటినీ కలిపి నలిపేస్తారు.

ఇలాంటి గట్టు మీద మందు కొట్టకండి. పిండినల్లికి ఒంటి మీద మైనం ఉంది, మందు దాన్ని అంత తేలిగ్గా తడపదు. ముందు చచ్చేది కందిరీగే.

5. చారల పెంకు పురుగు కనిపిస్తే

ఆకులు జల్లెడలా తూట్లు పడి ఉంటే సంతోషించండి. అది మెక్సికో పెంకు పురుగు పని కావచ్చు. శాస్త్రవేత్తలు జైగోగ్రామా అంటారు. వయ్యారిభామను తినడానికే దీన్ని మెక్సికో నుంచి 1983లో తెప్పించి, పరీక్షలు చేసి, 1984లో బెంగళూరులో వదిలారు. అర సెంటీమీటరు దాటి ఉంటుంది, మీగడ రంగు వీపు మీద ముదురు గోధుమ రంగు నిలువు చారలు. పసుపు రంగు గుడ్లు ఆకు అడుగున పెడుతుంది. పిల్లలూ పెద్దలూ లేత ఆకులు, మొగ్గలు తింటాయి. బాగా పెరిగిన పిల్ల మట్టిలోకి దిగి కోశస్థ దశ గడుపుతుంది. వానాకాలమంతా తిరిగి, చలికాలం రాగానే పెద్ద పురుగులు మట్టిలో నిద్రపోతాయి. మళ్లీ తొలకరికి లేస్తాయి. కాబట్టి జూలై, ఆగస్టు నెలల్లో వెతకండి. మార్చిలో వెతికి లేదనుకోవద్దు.

ఇది పంటల మీద పడుతుందా అని చాలామందికి టెన్షన్. 1990ల మొదట్లో కర్ణాటకలో పొద్దుతిరుగుడు ఆకులు తింటోందని గొడవైంది. పొద్దుతిరుగుడు ఆకుల మీద వయ్యారిభామ పుప్పొడి రాలిన చోట కొరికిందని తేలింది, పంటకు లెక్కపెట్టదగిన నష్టం లేదని నిపుణుల కమిటీ చెప్పింది. వంగ ఆకులను గీరి తినే చుక్కల పురుగు వేరు, దానికి చారలుండవు.

ఈ పురుగు ఉన్న మొక్కలు చేలో ఉంటే పీకాల్సిందే. రోడ్డు పక్కనో, పోరంబోకులోనో ఉంటే మాత్రం వాటిని వదిలెయ్యడమే మేలని నా అభిప్రాయం. మీ దగ్గర లేకపోతే, ఉన్న ఊరి నుంచి గుడ్డ కట్టిన డబ్బాలో తెచ్చి, ఎవరూ పీకని, మందు కొట్టని చోట వదలవచ్చు. పదో ఇరవయ్యో సరిపోవు, వందల్లో కావాలి.

ఇంకో మాట. ఫోనులో వెతికితే కాండం మీద ఉబ్బెత్తు బుడిపెలు చేసే చిన్న రెక్కల పురుగు (మాత్) ఫోటోలు వస్తాయి. ఆస్ట్రేలియాలో అది వయ్యారిభామను బాగా దెబ్బతీసింది. మన దేశానికీ పరీక్షల కోసం తెచ్చారు, కానీ అది నూనెగింజల పంట వలిసె మీద కూడా బతుకుతోందని తేలడంతో వదలకుండా నాశనం చేశారు. అరకు వైపు వలిసె చేలు ఎలా ఉంటాయో తెలిసినవాళ్లకు ఆ జాగ్రత్త విలువ చెప్పక్కర్లేదు.

6. పూలలో తామర పురుగులుంటే

తట్టినప్పుడు కాగితం మీద సూదిమొనంత సన్నటి పురుగులు పాకితే అవి తామర పురుగులు. వేరుశనగ, పొద్దుతిరుగుడు, పత్తి, మినుము, పెసర వేసేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2000 సంవత్సరంలో అనంతపురం జిల్లాలో వేరుశనగను కాండం కుళ్లు వైరస్ తుడిచిపెట్టినప్పుడు, దానికి మూలం వెతికితే వయ్యారిభామ దగ్గరే తేలింది. ఆ వైరస్ ఈ మొక్క పుప్పొడిలో ఉంటుంది. మొక్క మాత్రం ఏ రోగమూ లేనట్టే నవనవలాడుతుంది. పుప్పొడి గాలికి వచ్చి, తామర పురుగుల ఒంటికి అంటుకుని వచ్చి పంట ఆకు మీద పడుతుంది. పురుగు ఆకును గీరినప్పుడు ఆ గాటులోంచి వైరస్ లోపలికి పోతుంది.

అంటే ఇక్కడ పువ్వే ప్రమాదం. మొలిచిన నాలుగు నుంచి ఆరు వారాల్లో పూత వస్తుంది కాబట్టి ఆ లోపే పీకాలి. విత్తేటప్పుడు చేను చుట్టూ నాలుగు వరసలు జొన్న గానీ సజ్జ గానీ ఒత్తుగా వేస్తే గాలితో వచ్చే పురుగులు చాలామటుకు అక్కడే ఆగుతాయి.

పూలు తెల్లగా విచ్చుకోకుండా ఆకుల్లా పచ్చగా గుబురెక్కి ఉంటే అది కూడా రోగమే. నువ్వులో వెర్రితెగులు లాంటిదే, దీపపు పురుగుల జాతివి మోసుకొస్తాయి. నువ్వు చేను పక్కన అలాంటి మొక్క కనిపిస్తే చూడగానే తీసెయ్యండి.

7. రాసుకోండి

తేదీ, చోటు, పూత ఉందా లేదా, ఏ పురుగు కొద్దిగా, ఏది బాగా. అంతే. ఫోటో తీసేటప్పుడు పక్కన రూపాయి బిళ్ల పెడితే తర్వాత సైజు తెలుస్తుంది.

8. ఇప్పుడు పీకండి

వాన పడిన మర్నాడు, మంచు ఆరకముందు పీకడం మంచిది. నేల మెత్తగా ఉంటే వేరుతో సహా వస్తుంది, తడిగా ఉంటే పుప్పొడి లేవదు. కొడవలితో కోస్తే మొదట్లోంచి మళ్లీ చిగురిస్తుంది.

పూత రానిదాన్ని, పిండినల్లి లేనిదాన్ని గోతిలో పేడతో కలిపి ఎరువు చేసుకోవచ్చు. పూత వచ్చినది ఎరువు గోతిలో వెయ్యొద్దు. బాగా పెరిగిన ఒక్క మొక్క 15 వేల నుంచి 25 వేల గింజలు రాలుస్తుంది. పిండినల్లి ఉన్నదాన్ని చేతుల్లో పట్టుకుని చేను మధ్యలోంచి నడవకండి, కాలువలో పారెయ్యకండి. అక్కడికక్కడే గోనెసంచిలో కుక్కి, మూతి కట్టి, గట్టు బయటికి తీసుకెళ్లి కాల్చెయ్యండి. గోధుమ రంగు పీపాలు ఎక్కువగా కనిపించిన మొక్క పంటకు దూరంగా ఉంటే మాత్రం దాన్ని పీకకుండా వదిలెయ్యండి.

పంట అప్పటికే మొలిచి ఉంటే గట్టంతా ఒక్కరోజే ఊడ్చెయ్యకండి. ముందు పూతకొచ్చినవి, తర్వాత పిండినల్లి ఉన్నవి, చివరికి మిగతావి. ఖాళీ అయిన చోట తగిరిస గింజలు చల్లితే వయ్యారిభామకు అంత తేలిగ్గా చోటు దొరకదు. మట్టిలో గింజలు మిగిలే ఉంటాయి కాబట్టి మూడు వారాల తర్వాత ఇంకోసారి చూడాలి.

ఏ పురుగో తేల్చుకోలేకపోతే సీసాతో సహా ఊళ్లోని రైతు సేవా కేంద్రంలో చూపించండి. ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం, నైరా వ్యవసాయ కళాశాల దగ్గరున్నవాళ్లు అక్కడ అడగవచ్చు. ఏటా ఆగస్టు 16 నుంచి 22 దాకా వయ్యారిభామ అవగాహన వారం జరుగుతుంది. పెంకు పురుగుల కోసం అడగడానికి అదే సరైన సమయం, అప్పటికి అవి కూడా మేత మీదుంటాయి.