మారుతి 800 టైమింగ్ బెల్ట్ ఇంటి దగ్గరే మార్చేటప్పుడు

కోనసీమలో వానాకాలం కాలువగట్ల మీద తిరిగే బండికి టైమింగ్ బెల్ట్ (ఇంజన్‌లో క్రాంక్, క్యామ్ షాఫ్టులను కలిపి తిప్పే పళ్ల బెల్ట్) కవర్ పగిలి ఉంటే బురదనీళ్లు బెల్ట్ దాకా వెళ్తాయి, కాబట్టి కిలోమీటర్లతో పాటు బెల్ట్ వయసు కూడా చూడండి. పళ్ల దగ్గర పగుళ్లున్నా, ఆయిల్ తగిలినా మార్చేయాల్సిందే. ఆయిల్ తగిలిందంటే ఏదో సీల్ కారుతోంది, ముందు అది మార్చకపోతే కొత్త బెల్టూ పాడవుతుంది.

ఇంజన్ చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీసి, స్పార్క్ ప్లగ్గులు విప్పండి, చేత్తో తిప్పడం తేలికవుతుంది. క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్ట్), క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్) పుల్లీల మీది మార్కులు రెండూ వాటి ఎదురు గుర్తులతో కలిపి, ఫోటో తీసుకున్నాకే పాత బెల్ట్ విప్పాలి. కొత్తదాన్ని మడవకండి, మెలితిప్పకండి. వదులంతా టెన్షనర్ (బెల్ట్‌ని బిగువుగా ఉంచే చక్రం) వైపే మిగలాలి. టెన్షనర్ బేరింగ్ గరగరమంటే అదీ మార్చండి.

తర్వాత క్రాంక్‌ని స్పానర్‌తో, ఇంజన్ తిరిగే దిక్కులోనే, రెండు పూర్తి చుట్లు తిప్పి, మార్కులు మళ్లీ కలిశాయో లేదో చూడండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే బలం పెట్టొద్దు, వాల్వ్ పిస్టన్‌కి తగులుతుండొచ్చు, ఆపి మొదటి నుంచి చూసుకోండి. నేను ఈ చుట్లు తిప్పకుండానే స్టార్ట్ చేశాను, ఒక పన్ను తేడా వచ్చి, రావులపాలెం వంతెన ఎక్కేసరికి బండి లాగడం మానేసింది! వెనక్కి తెచ్చి, బెల్ట్ తీసి, మార్కులు మళ్లీ కలిపాకే దారికొచ్చింది.

స్టార్ట్ చేశాక కూతలాంటి శబ్దం వస్తే బెల్ట్ మరీ బిగుసుకున్నట్టు. వదులైతే పన్ను దాటుతుంది. రెండిటికీ టెన్షనర్ బోల్ట్ వదిలి మళ్లీ సరిచేయాలి.