అమెరికాలో కమర్షియల్ ప్రాపర్టీ కొంటున్నారా? ఫేజ్ వన్ విషయంలో ఈ జాగ్రత్తలు తీసుకోండి

డాలస్ చుట్టుపక్కలైనా, న్యూజెర్సీలోనైనా మనవాళ్లు నలుగురైదుగురు కలిసి ఒక ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత ఉన్న కంపెనీ) పెట్టి స్ట్రిప్ మాలో, గ్యాస్ స్టేషనో, మోటలో కొనడం ఇప్పుడు మామూలైపోయింది. అద్దెలు ఎంతొస్తున్నాయి, లీజులు ఎన్నాళ్లున్నాయి, రూఫ్ ఎప్పుడు వేశారు, ఏసీ యూనిట్లు ఎంత పాతవి అని గుచ్చి గుచ్చి అడుగుతారు. ఆ స్థలంలో కాలుష్యం ఉండొచ్చా అని పాత చరిత్ర వెతికి ఇచ్చే ఫేజ్ వన్ రిపోర్టు దగ్గరికొచ్చేసరికి మాత్రం బ్యాంకు అడిగింది కాబట్టి చేయించి, వచ్చిన వందల పేజీల పీడీఎఫ్‌ను లోన్ ఆఫీసర్‌కు ఫార్వర్డ్ చేసి ఊరుకుంటారు. ఊళ్లో ఎకరం పొలం కొంటే ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లన్నీ లాయరు ముందు పెట్టే మనం, ఇక్కడ నేల చరిత్ర చెప్పే కాగితాన్ని తెరవకుండానే సంతకాలు పెట్టేస్తున్నాం.

ఇది ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే చట్టం ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. న్యూయార్క్ రాష్ట్రంలోని నయాగరా ఫాల్స్ ఊళ్లో లవ్ కెనాల్ అనే పాత కాలువ ఉండేది. హుకర్ కెమికల్ కంపెనీ 1942 నుంచి 1953 దాకా దాదాపు 21,000 టన్నుల రసాయన వ్యర్థాలను అందులో పూడ్చి, ఆ స్థలాన్ని 1953లో ఒక్క డాలరుకు స్కూల్ బోర్డుకు అమ్మేసింది. దాని మీద బడి కట్టారు, చుట్టూ ఇళ్లు లేచాయి. 1978 నాటికి ఆ విషం బేస్‌మెంట్లలోకి ఊరుతోంది. అధ్యక్షుడు కార్టర్ అక్కడ ఎమర్జెన్సీ ప్రకటించారు. 1980లో ఇలాంటి కలుషిత స్థలాలను శుభ్రం చేయించడానికి సూపర్‌ఫండ్ చట్టం వచ్చింది.

ఈ చట్టం కింద కాలుష్యం చేసినవాణ్ణే కాదు, ఇప్పటి యజమానిని కూడా శుభ్రం చేయమని పట్టుకోవచ్చు. మీ తప్పు ఉందా లేదా అన్నది ప్రశ్నే కాదు. 'నేను కొనేనాటికే అలా ఉంది' అని చెబితే సరిపోదు. కాంట్రాక్టులో 'యాజ్ ఈజ్' (ఉన్నది ఉన్నట్టుగా) అని రాసుకున్నా అది మీకూ అమ్మినవాడికీ మధ్య మాట, ప్రభుత్వానికి దాంతో పని లేదు. ఎల్ఎల్‌సీ పేరు మీదే కదా అని కొందరు ధైర్యంగా ఉంటారు. ఎల్ఎల్‌సీలో పెట్టిన డబ్బు పోతుంది కదా! పైగా ఎస్‌బీఏ (చిన్న వ్యాపారాల కోసం ఉన్న ఫెడరల్ సంస్థ) లోన్ అయితే 20 శాతం, ఆపైన వాటా ఉన్న ప్రతివాళ్లూ పర్సనల్ గ్యారంటీ ఇచ్చి ఉంటారు. స్థలం విలువ సున్నా అయినా ఆ గ్యారంటీ మెడకు చుట్టుకునే ఉంటుంది.

2002లో చట్టాన్ని సవరించి కొనేవాళ్లకు ఒక రక్షణ ఇచ్చారు. కాలుష్యం ఉందని తెలిసి కొన్నా సరే, కొనక ముందే చేయాల్సిన విచారణ సరిగా చేయించి, కొన్నాక కొన్ని బాధ్యతలు పాటిస్తే ఫెడరల్ చట్టం కింద బాధ్యులు కారు. ఆ విచారణే ఫేజ్ వన్. క్లోజింగ్ అయి స్థలం మీ పేరుకు వచ్చిన మర్నాడు ఎంత మంచి కన్సల్టెంట్‌ను పెట్టి ఎంత ఖర్చుతో చేయించినా ఈ రక్షణ రాదు.

తేదీలు మీరే లెక్కపెట్టుకోండి

రిపోర్టు అట్ట మీది తేదీ చూసి మోసపోకండి. నిబంధన ప్రకారం ఐదు పనులు క్లోజింగ్‌కు ముందు 180 రోజుల లోపల జరిగి ఉండాలి: పాత, ఇప్పటి యజమానులతో, వాడుతున్నవాళ్లతో మాట్లాడటం, ఎన్విరాన్‌మెంటల్ లీన్ల (శుభ్రత ఖర్చు కోసం స్థలం మీద పెట్టిన బకాయి హక్కుల) వెతుకులాట, ప్రభుత్వ రికార్డులు చూడటం, స్థలానికి వెళ్లి చూడటం, విచారణ చేసిన ఎన్విరాన్‌మెంటల్ ప్రొఫెషనల్ సంతకంతో ఇచ్చే డిక్లరేషన్. ఏ పనికి ఆ తేదీ విడిగా లెక్క. కన్సల్టెంట్ జనవరి మొదటి వారంలో ఇంటర్వ్యూలు చేసి, ఫిబ్రవరిలో రిపోర్టు ఇచ్చాడనుకోండి. లెండర్ ఆలస్యం చేసి క్లోజింగ్ జులై చివరికి జరిగితే, రిపోర్టు ఆర్నెల్ల లోపుదే అని మీరు అనుకుంటారు, ఇంటర్వ్యూల గడువు మాత్రం అప్పటికే దాటిపోయి ఉంటుంది. గడువు దాటిన పనులను మళ్లీ చేయించి అప్‌డేట్ చేయించుకోవచ్చు, దానికీ ఏడాదే హద్దు. ఏడాది దాటితే కొత్తది చేయించాల్సిందే.

ఫేజ్ వన్ ఎలా చేయాలో చెప్పే, ఇప్పుడు నడుస్తున్న ప్రమాణం ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ ఇచ్చిన ఈ1527-21. దీన్ని ఈపీఏ (ఫెడరల్ పర్యావరణ సంస్థ) 2023 ఫిబ్రవరి 13 నుంచి అంగీకరించింది. సరిగ్గా ఏడాది తర్వాత ముందరి ఈ1527-13ను నిబంధనల్లోంచి తీసేసింది. కొత్త ప్రమాణం ప్రకారం ఆ ఐదు తేదీలూ రిపోర్టులోనే రాయాలి. మొదటి పేజీల్లోనే అవి వెతికి ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. మీ అటార్నీ ఎలాగూ చూస్తాడని వదిలేయకండి.

ఎవరి పేరు మీద చేయించారన్నది కూడా అంతే ముఖ్యం. అమ్మేవాడు 'మా దగ్గర రిపోర్టు ఉంది, ఎందుకు దండగ ఖర్చు' అని పాతది చేతిలో పెడతాడు. అది చదవడానికి పనికొస్తుంది, చట్టం ముందు మీకు అండగా నిలవదు. మనవాళ్లలో తరచూ జరిగే ఇంకొక పొరపాటు ఉంది. కాంట్రాక్టు ఒకరి సొంత పేరు మీద చేసి, క్లోజింగ్ నాటికి ఎల్ఎల్‌సీకి మారుస్తారు, రిపోర్టు మాత్రం పాత పేరుతోనే ఉండిపోతుంది. ఎల్ఎల్‌సీ పేరును 'యూజర్'గా, అంటే రిపోర్టు ఎవరి కోసం చేశారో వాళ్లుగా, చేర్పించండి. బ్యాంకు కూడా ఆ రిపోర్టును నమ్ముకోవచ్చని కన్సల్టెంట్ ఇచ్చే రిలయన్స్ లెటర్ కావాలంటే ముందే అడగండి.

కన్సల్టెంట్ పంపే ప్రశ్నావళిని రెండు నిమిషాల్లో 'లేదు, లేదు' అని నింపేయకండి. అందులో మార్కెట్ ధర కంటే తక్కువకు వస్తోందా అన్న ప్రశ్న ఉంటుంది. తక్కువకు వస్తుంటే ఎందుకో నిజంగా ఆలోచించండి. లీన్ల వెతుకులాట ఫీజులో కలిసి ఉందో లేదో కూడా అడగండి. చాలామంది కన్సల్టెంట్లు అది కొనేవాడి పని అని వదిలేస్తారు. కొనేవాడు టైటిల్ కంపెనీ చూసుకుందనుకుంటాడు. ఆ కంపెనీ ఇచ్చే టైటిల్ కమిట్‌మెంట్‌లో అన్నీ రావు.

స్ట్రిప్ మాల్ అయితే డ్రై క్లీనర్ కోసం వెతకండి

నన్నడిగితే మొత్తం రిపోర్టులో అన్నిటికంటే శ్రద్ధగా చదవాల్సింది సిటీ డైరెక్టరీల (ఏ అడ్రసులో ఏ ఏడాది ఏ వ్యాపారం ఉందో చెప్పే పుస్తకాల) అనుబంధం. చూస్తే పాత టెలిఫోన్ పుస్తకంలా విసుగ్గా ఉంటుంది, ఎవరూ తిప్పరు. ఒక్కో తలుపు నంబరు పట్టుకుని ఏళ్లవారీగా కిందికి దిగండి. ఇప్పుడు నెయిల్ సెలూనో, మన బిర్యానీ హోటలో ఉన్న యూనిట్‌కు ఎదురుగా 1974లో ఏదో 'క్లీనర్స్' అని, 1979లోనూ, 1985లోనూ అదే పేరు కనబడిందంటే ఆగండి. బట్టలు తీసుకుని వేరేచోట ఉతికించే కౌంటరా, యంత్రం అక్కడే ఉండేదా అని కన్సల్టెంట్‌ను గట్టిగా అడగండి.

డ్రై క్లీనింగ్‌లో దశాబ్దాల పాటు వాడిన ద్రావకం పెర్‌క్లోరోఎథిలీన్, అందరూ పెర్క్ అంటారు. ఇది నీటికంటే బరువు. కాంక్రీటు ఫ్లోరును దాటి, ఫ్లోర్ డ్రెయిన్‌లోంచి, సూయర్ పైపుల అతుకుల్లోంచి కిందికి జారి భూగర్భజలంలో అడుక్కు చేరుతుంది. తాగునీటిలో దీనికి ఫెడరల్ పరిమితి బిలియన్‌కు 5 భాగాలు. అంటే కొన్ని లీటర్లు ఒలికినా చాలా నీరు పాడవుతుంది. అక్కడితో ఆగదు, ఆవిరై మళ్లీ పైకొచ్చి పక్క యూనిట్లలోకీ పాకుతుంది. పక్కన డేకేర్ ఉందనుకోండి, పసిపిల్లలు పీల్చేది ఆ గాలే. డబ్బు మాట పక్కన పెట్టినా, ఈ ఒక్క కారణానికైనా ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. డ్రై క్లీనింగ్‌లో పెర్క్‌ను పదేళ్లలో దశలవారీగా ఆపేయాలని 2024 డిసెంబరులో ఈపీఏ నియమం తెచ్చింది. ఇప్పటికే నేలలోకి ఇంకినది దాంతో పోదు. టెక్సస్‌లాంటి కొన్ని రాష్ట్రాల్లో డ్రై క్లీనర్ స్థలాల శుభ్రతకు ప్రత్యేక నిధి ఉంది. మీ స్థలానికి అది వర్తిస్తుందో లేదో కొనే ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

గ్యాస్ స్టేషన్ అయితే

సూపర్‌ఫండ్ చట్టంలోంచి పెట్రోలియాన్ని మినహాయించారు. అది విని ఊపిరి పీల్చుకునేవాళ్లున్నారు. భూమిలోపలి ట్యాంకులకు వేరే ఫెడరల్ నిబంధనలు, వాటికి తోడు రాష్ట్ర చట్టాలు ఉన్నాయి. ట్యాంకు యజమానిగా లీకు బాధ్యత మీదే. 1988లో ఆ నిబంధనలు వచ్చేదాకా తుప్పు రక్షణ లేని ఉక్కు ట్యాంకులే ఎక్కువ పూడ్చేవారు. వాటిని మార్చడానికో తీసేయడానికో 1998 డిసెంబరు 22 దాకా గడువిచ్చారు. అందుకే ఇప్పుడున్న ట్యాంకుల కంటే ముందటి ట్యాంకులు ఎక్కడుండేవి, తీసినప్పుడు మట్టి పరీక్ష చేశారా అన్నది అసలు ప్రశ్న.

ఫేజ్ వన్‌లో మట్టి తవ్వరు, నీళ్లు తీయరు. గ్యాస్ స్టేషన్‌కు అది ఒక్కటే చాలదు. కొనేముందే ఫేజ్ టూ చేయించి మట్టి, భూగర్భజలం ఆనాటికి ఎలా ఉన్నాయో లెక్క రాయించుకోండి. రేపు లీకు బయటపడితే పాతదా మీ హయాంలోదా అని చెప్పడానికి మీ చేతిలో ఉండే ఆధారం అదే. టైట్‌నెస్ టెస్టులు (ట్యాంకు, పైపులు కారడం లేదని చూసే పరీక్షలు), లీకు డిటెక్షన్ రికార్డులు, బీమా కాగితాలు, రాష్ట్ర నిధికి అర్హత అన్నీ అమ్మేవాడి దగ్గర తీసుకోండి. యజమాని మారిన 30 రోజుల్లో రాష్ట్రానికి నోటీసు ఇవ్వాలి, ఏ, బీ, సీ తరగతుల ఆపరేటర్ శిక్షణలు పూర్తిచేయాలి.

స్థలం చూడటానికి కన్సల్టెంట్‌తో పాటు మీరూ వెళ్లండి. పార్కింగ్‌లో చుట్టూ ఉన్న తారు ఒక రంగులో, మధ్యలో కారంత దీర్ఘచతురస్రం ఇంకొక రంగులో ఉంటే అక్కడేదో తవ్వి పూడ్చారని అర్థం. వెనకగోడ పక్కన ఎక్కడికీ పోని సన్నటి ఇనుప పైపు ఆకాశంలోకి లేచి ఉంటే ట్యాంకు వెంట్ పైపు కావచ్చు. బోల్టులున్న గుండ్రటి చిన్న మూతలు నేలలో కనబడితే మానిటరింగ్ బావులు (భూగర్భజలాన్ని పరీక్షించడానికి వేసినవి) కావచ్చు. అవే అయితే ఎవరో ఇంతకుముందే ఇక్కడ కాలుష్యం కోసం వెతికారన్నమాట, ఆ ఫలితాలు అడగండి. తాళం వేసిన గది ఉంటే తీయించండి. చూడలేకపోయామని రాస్తే అది రిపోర్టులో డేటా గ్యాప్‌గా మిగిలిపోతుంది.

రిపోర్టు చదివేటప్పుడు 'రెక్', అంటే కాలుష్యం ఉందని గానీ ఉండొచ్చని గానీ గుర్తించిన పరిస్థితి, కనబడితే అందరూ ఉలిక్కిపడతారు. 'క్రెక్' కనబడితే 'కేసు క్లోజ్ అయిందిలే' అని దాటేస్తారు. నా భయమంతా ఈ రెండోదాని గురించే. క్రెక్ అంటే కొంత కాలుష్యాన్ని అక్కడే ఉంచి, షరతులతో మూసేశారని అర్థం. ఆ నీళ్లు వాడకూడదు, ఆ తారు పొరను పగలగొట్టకూడదు, ఇళ్లకో బడికో వాడకూడదు లాంటి షరతులుంటాయి. మీరు అక్కడ డేకేర్ పెట్టాలనుకుంటే బ్యాంకు లోన్ ఇచ్చినా ఆ పని జరగదు. షరతుల అసలు పత్రాన్ని తెప్పించి చదవండి.

రిపోర్టులో రానివి కొన్ని ఉన్నాయి: ఆస్బెస్టాస్, లెడ్ పెయింట్, రాడాన్, బూజు, చిత్తడి నేలలు. ఇవి కావాలంటే విడిగా అడగాలి. ఖాళీ స్థలం కొనేవాళ్లకు చిత్తడి నేల చాలా ముఖ్యం, కట్టడానికి సగం స్థలమే మిగలొచ్చు. ఒకప్పుడు పండ్ల తోటలున్న నేలల్లో లెడ్ ఆర్సెనేట్ పురుగుమందు అవశేషాలు ఉండొచ్చు. పర్యావరణంలో ఎంతకీ కరగని పీఫాస్ (PFAS) రసాయనాల్లో పీఫోవా (PFOA), పీఫోస్ (PFOS) అనే రెండింటిని 2024 జులై 8 నుంచి సూపర్‌ఫండ్ జాబితాలో చేర్చారు కాబట్టి, అంతకుముందటి రిపోర్టులు వీటిని పట్టించుకుని ఉండకపోవచ్చు. న్యూజెర్సీలో కొనేవాళ్లకు ఇంకొక మాట. ఆ రాష్ట్ర స్పిల్ యాక్ట్ కింద రక్షణ కావాలంటే ఫేజ్ వన్ సరిపోదు, రాష్ట్ర నిబంధనల ప్రకారం ప్రిలిమినరీ అసెస్‌మెంట్ చేయించాలి.

కాంట్రాక్టులోనే వీటన్నిటికీ చోటు పెట్టుకోండి. ఫేజ్ వన్‌కే రెండు మూడు వారాలు పడుతుంది, ఫేజ్ టూ కావాలంటే ఇంకొన్ని వారాలు. 30 రోజుల డ్యూ డిలిజెన్స్ అని సంతకం పెడితే ఎర్నెస్ట్ మనీ (ముందుగా కట్టిన బయానా) వదులుకోవడమో, కళ్లు మూసుకుని కొనడమో రెండే దారులు మిగులుతాయి. ఫేజ్ టూ అవసరమైతే గడువు పొడిగించే హక్కు, నేలలో బోర్లు వేసే అనుమతి రెండూ ముందే రాయించండి. మొదటి రోజే ఫేజ్ వన్ ఆర్డర్ చేయండి. బోర్లు వేశాక కాలుష్యం బయటపడితే దాన్ని ఎవరు, ఎవరికి చెప్పాలన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. దాని గురించి అటార్నీతో ముందే మాట్లాడుకోండి.

కొన్నాక కూడా పని ఉంటుంది. తెలిసిన కాలుష్యం పెరగకుండా తగిన చర్యలు తీసుకోవాలి, స్థల వినియోగ షరతులు పాటించాలి, అధికారులకు సహకరించాలి, ఇవ్వాల్సిన నోటీసులు ఇవ్వాలి. ఇవి తప్పితే కొనేముందు సంపాదించుకున్న రక్షణ పోతుంది. పార్కింగ్ పెంచడానికో, సైన్ బోర్డుకు పునాది వేయడానికో కాంట్రాక్టర్ తవ్వేముందు క్రెక్ ఉన్న చోటు మ్యాపులో గుర్తు పెట్టి అతని చేతికివ్వండి. లీజుకిచ్చేటప్పుడు టెనెంట్‌కు అవే షరతులు రాసివ్వండి. ఫేజ్ వన్ పూర్తి కాపీని, అనుబంధాలతో సహా, భాగస్వాములందరి దగ్గరా ఉంచండి.