పడవకు చవకలో మంచి జీపీఎస్ ఎంచుకోవడం ఎలా?

హైదరాబాద్‌లో సముద్రమే లేదు, పడవ జీపీఎస్ ఎవరికి కావాలి అని నవ్వేవాళ్లుంటారు. కానీ వారాంతాల్లో నాగార్జునసాగర్ వైపు వెళ్లేవాళ్లు, హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకుని సొంత పడవ దాకా వచ్చినవాళ్లు, కాకినాడలోనో నిజాంపట్నంలోనో ఉన్న బావమరిది బోటుకు ఇక్కడి నుంచి సామాను కొని పంపేవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు. వాళ్లందరూ అడిగేది ఒకటే: "తక్కువలో ఏది మంచిది?" ఒక మోడల్ పేరు చెప్పి ఊరుకోవడం తేలికే. కానీ ఏ నీళ్లలో తిరుగుతారో తేలకుండా కొంటే ఎంత చవకదైనా డబ్బు దండగే.

1. ముందు ఏ నీళ్లో తేల్చుకోండి

హుస్సేన్‌సాగర్, దుర్గం చెరువు లాంటి చోట అసలు కొనకండి. ఎటు చూసినా ఒడ్డు కనిపిస్తుంది, దారి తప్పేదేమీ లేదు. వేగం తెలుసుకోవాలన్న సరదా ఉంటే వాటర్‌ప్రూఫ్ పౌచ్‌లో ఫోను చాలు. రేసుల్లో పాల్గొనేవాళ్లు మాత్రం మీ పడవ క్లాసు నియమాలు ఒకసారి చదవండి, ఎలక్ట్రానిక్ పరికరాల మీద ఆంక్షలు ఉండొచ్చు.

నాగార్జునసాగర్, శ్రీశైలం లాంటి పెద్ద జలాశయాల సంగతి వేరు. కొండల మధ్య పాయలు చీలిపోయి ఉంటాయి, సాయంత్రం వెలుతురు తగ్గితే ఒక మలుపుకూ ఇంకో మలుపుకూ తేడా తెలీదు. అక్కడ మీకు కావాల్సింది వచ్చిన దారినే వెనక్కి తీసుకెళ్లే ట్రాక్, రాళ్లనూ రేవునూ గుర్తుపెట్టుకునే పాయింట్లు. రంగుల చార్టు, అంటే నీటి లోతులు చూపించే మ్యాపు, అవసరం లేదు. నిజానికి మన జలాశయాలకు నమ్మదగ్గ చార్టులు దొరకడమే అరుదు. చార్టు పేరు చెప్పి షాపులో ఎక్కువ డబ్బు అడిగితే, "సాగర్ లోతులు ఇందులో చూపించండి" అనండి. చూపిస్తే అప్పుడు ఆలోచించొచ్చు.

సముద్రం అయితే తీరం కనుమరుగయ్యాక లెక్కలన్నీ మారిపోతాయి. చార్టు ఉన్న యూనిట్, దానికి తోడు ఒక స్పేర్ యూనిట్ రెండూ కావాలి. స్పేర్‌కి పెద్దది అక్కర్లేదు, చేతిలో పట్టే చిన్నది చాలు.

2. కొనే ముందు ఒకసారి ఫోనుతో వెళ్లి చూడండి

ఫోనులో జీపీఎస్‌కు సిగ్నల్ టవర్ అక్కర్లేదు. టవర్ ఉంటే మొదటిసారి లొకేషన్ తొందరగా పట్టుకుంటుంది, లేకపోతే కాస్త ఆలస్యమవుతుంది, అంతే. మ్యాపు మాత్రం ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోవాలి. ట్రాక్ రికార్డు చేసే యాప్ ఒకటి వేసుకుని ఒక రోజు తిరిగి రండి.

ఫోను ఎక్కడ చేతులెత్తేస్తుందో మీకే తెలుస్తుంది. తడి వేళ్లకు స్క్రీన్ పలకదు. ఏప్రిల్ ఎండలో వేడెక్కి వెలుతురు తగ్గించేసుకుంటుంది, ఒక్కోసారి ఆగిపోతుంది కూడా. సాయంత్రానికి బ్యాటరీ అయిపోతే ఇంటికి ఫోన్ చేసే దారీ ఉండదు. ఈ మూడూ మీకు ఇబ్బంది అనిపించకపోతే కొనడం వాయిదా వేసుకోండి, తొందరేమీ లేదు. ఇబ్బంది అనిపిస్తే అప్పుడు ముందుకు వెళ్దాం.

3. మూడు రకాల్లో మీది ఏది?

మొదటిది చేతి యూనిట్. ధర ఒక మాదిరి స్మార్ట్‌ఫోన్ ధరకు అటూ ఇటూగా ఉంటుంది. గార్మిన్ ఈట్రెక్స్ రకాల్లో చాలావరకు రెండు పెన్సిల్ సెల్స్‌తో రోజంతా నడుస్తాయి. సెల్ అయిపోతే జేబులోంచి ఇంకో జత వేసుకోవచ్చు, పడవలో ఇది చాలా పెద్ద సుఖం. వీటితో చిక్కు ఒకటే, చేయి జారితే మునిగిపోతాయి. అదే కంపెనీ జీపీఎస్‌మ్యాప్ 78, 79, 86 రకాలు నీళ్లలో తేలతాయి, ధర కూడా ఆ మేరకు ఎక్కువ. నా మాట వింటే జలాశయం వరకూ మామూలు యూనిట్ కొని, దాన్ని ఒక తాడుతో లైఫ్ జాకెట్‌కు కట్టుకోండి. తాడుకు పాతిక రూపాయలు పెడితే సరిపోతుంది.

రెండోది లోతు చూపించే సౌండర్‌తో కలిసి వచ్చే చిన్న స్క్రీన్. గార్మిన్ స్ట్రైకర్ ఈ కోవలోదే. ఇందులో చార్టు ఉండదు. పాయింట్లు, ట్రాక్, వేగం, కింద లోతు మాత్రం ఉంటాయి. సాగర్‌లో తిరిగేవాళ్లకు పెట్టిన డబ్బుకు బాగా గిట్టేది ఇదేనని నా అభిప్రాయం, ఎందుకో చివర్లో చెప్తాను. దీనికి 12 వోల్టుల బ్యాటరీ, పడవ అడుగున బిగించే సెన్సర్ కావాలి.

మూడోది చార్ట్‌ప్లాటర్, అంటే చార్టు మీద పడవ ఎక్కడుందో చూపించే స్క్రీన్. సముద్రానికి వెళ్లేవాళ్లకే. కొటేషన్ అడిగేటప్పుడు "ఇండియా తీరం చార్టుతో కలిపి ఎంత?" అని అడగండి. చార్టు కార్డు విడిగా కొనాల్సి వస్తే మొత్తం లెక్క తలకిందులవుతుంది. ఇంకో మాట, చార్టు ఉంది కదా అని మొగ దగ్గర దాన్నే నమ్ముకోకండి. నదులు సముద్రంలో కలిసే చోట ఇసుక మేటలు ఏటా జరుగుతుంటాయి. అక్కడ ఆ ఊరి సరంగు (బోటు నడిపే పెద్ద) మాటే ఖరారు.

చేపల వేట బోటుకైతే కొనే ముందు అక్కడి మత్స్యశాఖ ఆఫీసులో ఒకసారి అడిగించండి. కేంద్ర ప్రభుత్వం లక్ష చేపల పడవలకు ట్రాన్స్‌పాండర్లు ఉచితంగా అమర్చే పథకాన్ని 2024 ఆగస్టులో ప్రారంభించింది. అది జీపీఎస్ చార్టుకు బదులు కాదు, పడవ ఎక్కడుందో ఒడ్డుకు తెలిపి, ఆపదలో సందేశం పంపడానికి. అయినా అది వచ్చేదుంటే మీరు పెట్టే ఖర్చు వేరేదానికి మళ్లించొచ్చు.

4. దేనికి డబ్బు పెట్టాలి, దేనికి అక్కర్లేదు

"సార్, ఇది నాలుగు దేశాల శాటిలైట్లు పట్టుకుంటుంది" అని చెప్పి రేటు పెంచుతారు. ఊళ్లో, చెట్ల కింద, లోయల్లో దానివల్ల లాభం ఉంటుంది. నీళ్ల మీద ఆకాశం మొత్తం తెరిచే ఉంటుంది. అమెరికా 2000 మే 2న సామాన్యులు వాడే జీపీఎస్ సిగ్నల్‌ను కావాలని చెడగొట్టడం ఆపేసింది. అప్పటి నుంచి మామూలు జీపీఎస్ రిసీవర్ కూడా తెరిచిన ఆకాశం కింద కొద్ది మీటర్ల తేడాలోనే చూపిస్తుంది. పడవ పొడవే అంత ఉంటుంది. మన ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి చేసిన గగన్ వ్యవస్థ ఈ లెక్కను ఇంకాస్త సరిదిద్దుతుంది. ఇలాంటిదే అమెరికాలో ఉన్న వాస్ (WAAS) వ్యవస్థ, దాని ప్రమాణంతోనే గగన్ పనిచేస్తుంది కాబట్టి చాలా యూనిట్ల సెట్టింగుల్లో గగన్ మీట "వాస్" పేరుతోనే ఉంటుంది. కాబట్టి కచ్చితత్వం పేరుతో అదనంగా ఇవ్వకండి.

ఇవి మాత్రం ఉండి తీరాలి: ఎండలో చదవగలిగే స్క్రీన్, తడి చేత్తో నొక్కగలిగే బటన్లు, మనిషి నీళ్లలో పడితే ఒక్క నొక్కుతో ఆ చోటును గుర్తుపెట్టే ఎమ్ఓబీ సదుపాయం, వచ్చిన దారిలో వెనక్కి నడిపే ట్రాక్‌బ్యాక్. లంగరు జారితే కూతపెట్టే అలారం ఉంటే మంచిదే. నీటి తట్టుకోలుకు ఐపీఎక్స్7 కనీసం. అంటే మీటరు లోతున అరగంట ఉన్నా లోపలికి నీరు రాకూడదు. ఆ పరీక్ష మంచినీళ్లతో చేసేది. సముద్రంలో వాడితే ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి, లేకపోతే ఛార్జింగ్ పిన్ను దగ్గర ఉప్పు తినేస్తుంది.

5. అమెరికా నుంచి తెప్పించుకునేవాళ్లు ఆగండి

హైదరాబాద్‌లో ఏది కొనాలన్నా "మా వాడు డిసెంబర్‌లో వస్తున్నాడు, తెమ్మంటాను" అంటాం. జీపీఎస్ విషయంలో ఇది టెన్షన్ తెచ్చిపెట్టొచ్చు. శాటిలైట్ ద్వారా మెసేజ్ పంపే పరికరాలను టెలికాం శాఖ అనుమతి లేకుండా మన దేశంలోకి తేవడం, వాడడం చట్టవిరుద్ధం. గార్మిన్ ఇన్‌రీచ్ ఇలాంటిదే. అది బ్యాగులో దొరికి మన ఎయిర్‌పోర్టుల్లో కేసుల పాలైన విదేశీ పర్యాటకులున్నారు. జీపీఎస్‌మ్యాప్ 66ఐ, 67ఐ, 86ఐ లాంటి మోడళ్లలో ఇన్‌రీచ్ లోపలే ఉంటుంది. అంకె పక్కన ఆ ఒక్క "ఐ" అక్షరం ఉందేమో చూసుకోండి. సిగ్నల్ అందుకోవడం తప్ప తిరిగి పంపలేని మామూలు జీపీఎస్‌కు ఈ గొడవ లేదు. అక్కడి యూనిట్‌లో అక్కడి చెరువుల మ్యాపులే ఉంటాయి, ఇక్కడ వారంటీ చెల్లుతుందో లేదో కూడా ముందే కనుక్కోవాలి.

6. సెకండ్ హ్యాండ్ అయితే తేదీ చూడండి

పాత యూనిట్ చేతికి రాగానే ఆరుబయట ఆన్ చేసి కనీసం పావుగంట వదిలేయండి. చాలాకాలం ఆపి ఉంచినదైతే శాటిలైట్ల పట్టికను మళ్లీ దింపుకోవాలి, ఆ పట్టిక మొత్తం ప్రసారం కావడానికే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. రెండు నిమిషాల్లో పలకలేదని పాడైపోయిందనుకోవద్దు.

తర్వాత తేదీ చూడండి. జీపీఎస్ వారాలను 1,024 దాకా లెక్కపెట్టి మళ్లీ సున్నా నుంచి మొదలుపెడుతుంది. అలా 2019 ఏప్రిల్ 6న ఒకసారి తిరిగింది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కాని పాత యూనిట్లు అప్పటి నుంచి దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి తేదీ చూపిస్తాయి. చోటు సరిగ్గానే చూపించొచ్చు, కానీ సూర్యాస్తమయం, ఆటుపోట్ల సమయాలు తప్పుతాయి. ఇలాంటిది కనిపిస్తే బేరం గట్టిగా ఆడండి.

కొత్తదైనా పాతదైనా స్క్రీన్‌ను మిట్టమధ్యాహ్నం బయటికి తెచ్చి చూడాలి. మీరు పోలరైజ్డ్ కళ్లద్దాలు వాడేవారైతే అవి పెట్టుకుని యూనిట్‌ను అడ్డంగా, నిలువుగా తిప్పండి. కొన్ని స్క్రీన్లు ఒక కోణంలో పూర్తిగా నల్లబడతాయి. ఈ పరీక్ష మెట్రో పిల్లర్ కిందో, గచ్చిబౌలి అద్దాల మేడల మధ్యో చేయకండి. సిగ్నల్ గోడలకు తగిలి వంకరగా వస్తుంది, పాపం యూనిట్‌ది తప్పు కాదు. నెక్లెస్ రోడ్డులో నీళ్ల పక్కన నిలబడితే సరి.

7. డిగ్రీల సెట్టింగు: ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు

ట్యాంక్‌బండ్ ముందున్న బుద్ధ విగ్రహాన్నే తీసుకోండి. దాని అక్షాంశం దశాంశంలో 17.4156 డిగ్రీలు. అదే చోటును 17 డిగ్రీల 24.94 నిమిషాలు అని రాయొచ్చు, 17 డిగ్రీల 24 నిమిషాల 56 సెకన్లు అనీ రాయొచ్చు. మూడూ ఒకటే. కానీ 24 నిమిషాల 56 సెకన్లను చూసి యూనిట్‌లో 24.56 నిమిషాలని కొట్టారనుకోండి, బుద్ధుడు దాదాపు 700 మీటర్లు దక్షిణానికి జరిగి లుంబినీ పార్కు ఒడ్డుకు వచ్చేస్తాడు. అదే 17.2494 డిగ్రీలని కొడితే 18 కిలోమీటర్లు దిగిపోయి శంషాబాద్ ఎయిర్‌పోర్టు వరసలో ఉంటాడు. ట్యాంక్‌బండ్ మీద నవ్వుకుంటాం. రాత్రిపూట సముద్రంలో 700 మీటర్ల తేడా అంటే రేవు బదులు రాళ్లు.

మన ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) మత్స్యకారుల కోసం ఇచ్చే చేపల లభ్యత సూచనల్లో రేవు నుంచి దిక్కు, దూరం, లోతుతో పాటు అక్షాంశ రేఖాంశాలు డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఉంటాయి. అవి వాడేవాళ్లు యూనిట్‌ను కూడా అదే పద్ధతిలో పెట్టుకోండి. డేటమ్ (అక్షాంశ రేఖాంశాల కొలతకు ఆధారం) అన్నచోట డబ్ల్యూజీఎస్ 84 ఉండాలి. దూరాలు సముద్రంలో నాటికల్ మైళ్లలో, జలాశయంలో కిలోమీటర్లలో. ఒక నాటికల్ మైలు 1,852 మీటర్లు.

8. కరెంటు, బిగింపు

చిన్న స్క్రీన్ యూనిట్ పది వాట్లు తింటుందనుకుంటే 12 వోల్టుల దగ్గర ఒక ఆంపియర్ కూడా కాదు. 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) యూపీఎస్ బ్యాటరీ కాగితం మీద ఎనిమిది గంటలు ఇస్తుంది. సగానికి మించి ఖాళీ చేస్తే ఆ బ్యాటరీ తొందరగా చస్తుంది కాబట్టి నాలుగు గంటలనే లెక్కేసుకోండి. బ్యాటరీకి దగ్గర్లో, ప్లస్ వైరు మీద ఫ్యూజ్ తప్పనిసరి. ఈ వైర్లు, ఫ్యూజ్ హోల్డర్ల కోసం ఆన్‌లైన్‌లో వెతకక్కర్లేదు, కోఠి గుజరాతీ గల్లీలోనో రాణిగంజ్‌లోనో దొరుకుతాయి. ఫైబర్ పైకప్పు కింద జీపీఎస్ పలుకుతుంది, రేకు కప్పు కింద పలకదు. దిక్సూచికి మాత్రం దూరంగా బిగించండి.

9. సొంత మ్యాపు మీరే వేసుకోండి

సౌండర్‌తో ఉన్న చిన్న యూనిట్ సాగర్‌కు గిట్టుతుందని ఇందాక అన్నాను. అక్కడ చార్టు లేదు కాబట్టి మీరు తిరిగిన దారే చార్టు. ఎక్కడైనా లోతు ఒక్కసారిగా తగ్గితే అక్కడ పాయింట్ పెట్టండి. పేరులో ఆ రోజు నీటిమట్టం కూడా రాయండి, "బండ 560" లాగా. నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, వాడకానికి దిగే కనీస మట్టం 510 అడుగులు. మధ్యలో 80 అడుగుల తేడా. అక్టోబర్‌లో పడవ హాయిగా దాటిన బండ మేలో మీ ఎత్తున నిలబడి ఉంటుంది. మట్టం వివరాలు వానాకాలంలో దాదాపు రోజూ పేపర్లలో వస్తూనే ఉంటాయి, బయల్దేరే ముందు చూసుకుని పాత పాయింట్ల నుంచి తీసివేత లెక్క వేసుకుంటే సరిపోతుంది. 560 అడుగుల మట్టంలో పది అడుగుల లోతున్న బండ, మట్టం 550కి రాగానే పైకి తేలుతుంది.

నెలకోసారి ఈ పాయింట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి. రేవు అంకెలను మాత్రం ఒక కాగితం మీద పెన్నుతో రాసి, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, లైఫ్ జాకెట్ జేబులో ఉంచుకోండి.