విశాఖలో ‘ఆల్ అబౌట్ మై మదర్’ వేసి చర్చ నడపాలంటే

పెద్రో అల్మొదోవార్ 1999లో తీసిన ఈ స్పానిష్ సినిమాలో ఇద్దరు ట్రాన్స్ మహిళలు (పుట్టినప్పుడు మగవాళ్లుగా లెక్కించినా ఆడవాళ్లుగా బతికేవాళ్లు), ప్రేమలో ఉన్న ఇద్దరు నటీమణులు, హెచ్‌ఐవీతో గర్భిణిగా ఉన్న ఓ నన్ కనిపిస్తారు. క్వీర్ పాత్రల (స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్ వ్యక్తులు వంటివారి) గురించి మాట్లాడుకోవడానికి ఇంత సరుకున్న పాత సినిమాలు తక్కువ. కాకపోతే సిద్ధపడకుండా వేస్తే “భలే ధైర్యంగా తీశాడండీ” అన్న మాట దగ్గరే చర్చ ఆగిపోతుంది.

ముందు అనుమతి సంగతి. డిస్క్ కొన్నా, ఓటీటీకి చందా కట్టినా అవి ఇంట్లో చూసుకోవడానికే. పదిమందికి వేయాలంటే హక్కుదారుల నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లనే పిలవండి. ద్వారకానగర్ పౌర గ్రంథాలయం లాంటి చోటైతే ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గరే కాబట్టి గాజువాక వాళ్లకైనా బస్సుకి ఇబ్బంది ఉండదు. సినిమా 101 నిమిషాలు, చర్చకు గంట. సాయంత్రం నాలుగింటికి మొదలుపెడితే ఏడులోపు ముగించొచ్చు.

ఎక్కువగా దెబ్బకొట్టేది సబ్‌టైటిళ్లే. యూరప్ డీవీడీలు సెకనుకు 25 ఫ్రేములతో నడుస్తాయి, సినిమా తీసింది 24తో. అందుకే డీవీడీలో ఇది దాదాపు 97 నిమిషాలకే అయిపోతుంది. 24కి చేసిన సబ్‌టైటిల్ ఫైలు దానికి తగిలిస్తే మొదట్లో తేడా తెలియదు, గంట గడిచేసరికి రెండు నిమిషాలకు పైగా వెనకబడుతుంది. ముందుకీ వెనక్కీ జరిపితే ఇది కుదరదు. ‘సబ్‌టైటిల్ ఎడిట్’ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేటు 24 నుంచి 25కి మార్చాలి. తెలుగు ఫైలైతే యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేయండి, లేకపోతే తెరమీద అక్షరాలు గజిబిజిగా వస్తాయి. తెర కింది అంచు నేలకు నాలుగడుగుల ఎత్తున ఉంటే ముందువాళ్ల తలలు అంతగా అడ్డురావు.

చర్చను సినిమాలోని ఆ ఇద్దరు ట్రాన్స్ మహిళలు ఆగ్రాదో, లోలాల మధ్య తేడా నుంచి మొదలుపెట్టండి. ఆగ్రాదో అందరికీ ఇష్టురాలు. నాటకం రద్దయిన రాత్రి తెర ముందుకొచ్చి కళ్లకెంతైంది, ముక్కుకెంతైంది అని పెసెటాల్లో (అప్పటి స్పెయిన్ డబ్బు) లెక్కచెప్పి హాలంతా నవ్విస్తుంది. లోలా మాత్రం చాలాసేపు ఇతరుల మాటల్లోనే ఉంటుంది, అదీ కీడు తెచ్చిన మనిషిగా. చివర్లో కెఫేలో పసిబిడ్డను ఎత్తుకున్నప్పుడు మన కోపం ఏమైంది? నవ్వించినవాళ్లనే మనం ఒప్పుకుంటున్నామా? ఈ రెండు ప్రశ్నలూ అడిగి కాసేపు ఊరుకోండి.

తర్వాత ఎవరు నటించారన్నది. ఆగ్రాదోగా ఆంతోనియా సాన్ హువాన్, లోలాగా తోని కాంతో. ఇద్దరూ ట్రాన్స్ కాదు. ఇదే దర్శకుడు 1987లో ‘లా ఆఫ్ డిజైర్’లో ట్రాన్స్ మహిళ పాత్రను కార్మెన్ మౌరాకిచ్చి, ట్రాన్స్ నటి బీబీ ఆండర్సెన్‌తో ఓ పాప తల్లి పాత్ర వేయించాడు. ఈ రెండూ పక్కపక్కన పెడితే, ట్రాన్స్ పాత్రలను ట్రాన్స్ నటులే వేయాలా అన్న వాదన తేలిగ్గా తెగదు. తెగకపోవడమే మంచిది.

“అది వాళ్ల దేశం, మనకెందుకు” అనేవారుంటారు. స్పెయిన్‌లోనూ నియంత ఫ్రాంకో కాలం నాటి 1970 చట్టం కింద స్వలింగ ప్రేమికులను నిర్బంధించేవారు, 1979లో గానీ వాళ్లను అందులోంచి తీయలేదు. మన సుప్రీంకోర్టు తీర్పులు ట్రాన్స్ వ్యక్తుల గుర్తింపుపై 2014లో, స్వలింగ సంబంధాలు నేరం కాదంటూ 2018లో వచ్చాయి. ఈ ఏళ్లన్నీ బోర్డుమీద రాసిపెట్టండి.

నగరంలోని ట్రాన్స్ మహిళలను పిలిస్తే ప్రేక్షకులుగా పిలవండి. మాట్లాడమని కోరితే గౌరవ వేతనం ఇవ్వండి. ఆగ్రాదో తన ఆపరేషన్ల గురించి తానే చెప్పుకుంది కదా అని, పక్కన కూర్చున్నావిడనూ అడగొచ్చనుకునేవారు ఉంటారు. ఆగ్రాదో చెప్పాలని వేదికెక్కింది, ఈవిడ సినిమా చూడ్డానికొచ్చింది. ఈ మాట సినిమాకు ముందే మైకులో చెప్పేయండి. ఎవరైనా “అది”, “వాడు” అంటే అక్కడికక్కడే “ఆవిడ” అని సరిదిద్ది, ప్రశ్న కొనసాగించమనండి.