ఐపీ పెట్టాలా? ముందు అప్పుల చిట్టా రాయండి

‘ఫలానా ఆయన ఐపీ పెట్టాడట’ అనే కబురు ఊళ్లో గుసగుసగానే తిరుగుతుంది. అందుకే చాలామంది చివరిదాకా దాచి, వడ్డీకి వడ్డీ కట్టి ఇంకా మునుగుతారు. ఐపీ అంటే అప్పులు తీర్చలేనని కోర్టులో వేసే ఇన్సాల్వెన్సీ (దివాలా) పిటిషన్. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. 2016లో కొత్త దివాలా చట్టం వచ్చినా, తెలుగు రాష్ట్రాల్లో మామూలు వ్యక్తులకు వర్తిస్తున్నది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే.

మొదట ఒక నోటుబుక్కు తీసుకోండి. ఎడమ పేజీలో అప్పులు, కుడి పేజీలో ఆస్తులు. ప్రోనోటు బాకీ, చీటీ బాకీ, క్రెడిట్ కార్డు, తాకట్టు బంగారం, ఎవరికో పెట్టిన హామీ సంతకం, కాగితం లేకుండా బావగారి దగ్గర తీసుకున్న చేబదులు, అన్నీ రాయాలి. పిటిషన్‌లో ప్రతి అప్పులవాళ్ల పేరు, చిరునామా, మొత్తం అడుగుతారు. ‘మనవాళ్లే కదా’ అని ఒక్క పేరు వదిలేసినా చిక్కే.

తర్వాత, ఆస్తి జోలికి వెళ్లకండి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పిటిషన్‌కు ముందు రెండేళ్లలో ఇంట్లోవాళ్ల పేరిట ఊరికే రాసిచ్చిన స్థలాన్ని కోర్టు వెనక్కి తేగలదు. మూడు నెలల్లోపు ఒక్కరికే అనుకూలంగా తీర్చిన బాకీ కూడా రద్దు కావచ్చు. మోసపూరితంగా ఆస్తి దాస్తే ఏడాది వరకు జైలు.

‘తాళి కూడా తీసుకుంటారా?’ ఇంట్లో ఆడవాళ్ల మొదటి భయం ఇదే. తీసుకోరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం మంగళసూత్రం, కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచాలు, పరుపులు, చేతివృత్తివాళ్ల పనిముట్లు, రైతుకు సేద్యానికి అవసరమైన ఎడ్లు, విత్తనాలు జప్తుకు రావు. మిగతా ఆస్తి కోర్టు చేతికి, లేదా దాన్ని చూసుకోవడానికి కోర్టు నియమించే రిసీవర్ చేతికి వెళ్తుంది.

పిటిషన్ మీరుండే ప్రాంతపు జిల్లా కోర్టులో, లేదా ఆ అధికారం ఉన్న సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో వేయాలి. లాయరు ఖర్చు భరించలేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి, 15100కు ఫోను చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత సాయం అందుతుంది. అరెస్టు భయం ఉంటే రక్షణ ఉత్తర్వును విడిగా కోరాలి. అది దానంతట అది రాదు.

ఐపీతో ఆగనివి కూడా ఉన్నాయి. ఇల్లు తాకట్టు పెట్టుకున్న బ్యాంకు హక్కు పోదు. చెక్ బౌన్స్ కేసు నడుస్తుంది. మీకు హామీ ఉన్న స్నేహితుడు బాధ్యత నుంచి బయటపడడు. ఆయనకు ముందే చెప్పడం మీ ధర్మం.

దివాలాదారుగా ప్రకటించేటప్పుడు, అప్పుల నుంచి విముక్తి కోసం ఎప్పటిలోగా దరఖాస్తు చేయాలో కోర్టు గడువు పెడుతుంది. ఆస్తి అప్పుల్లో సగానికైనా సరిపోకపోతే, అందుకు మీ తప్పు కారణం కాదని అప్పుడు చూపాలి. పంట నష్టం, ఆస్పత్రి బిల్లులు, కొట్టు లెక్కల పుస్తకాలు అక్కడ పనికొస్తాయి. గడువు దాటితే ప్రకటనే రద్దయ్యే ప్రమాదం ఉంది. ఆ తేదీని అదే నోటుబుక్కు అట్ట లోపల పెద్ద అక్షరాలతో రాసిపెట్టుకోండి.